కార్మికుల భద్రత, ఆరోగ్యరక్షణము

జీవనోపాధికై పనిచేయు మనుష్యునకు ఆ పనివలననే ప్రాణహానిగాని, అంగవైకల్యముగాని, వ్యాధిగాని సంభవింపకుండ కాపాడుటకై శాస్త్రజ్ఞులు కనుగొన్న విజ్ఞానమును, ప్రభుత్వములు చేసిన శాసనములును, కర్మాగారములలో నెలకొన్న ఆచారములును కలిసి ఈ శాస్త్రశాఖ ఏర్పడినది. యంత్రములవలని గాయములు, గనులలో పైకప్పు కూలుట, అగ్నిప్రమాదములు, విషవాయువులు, ధూళి, చెవులు చిల్లులుపడు రొద, ఎండ, అతిభారము, అతిశ్రమ మున్నగునవి యన్నియు దీని పరిధిలో చేరును. వైద్యుడు, ఇంజనీరు, రసాయనశాస్త్రవేత్త, న్యాయవాది తమతమ విద్యలను దీనికి ఒసగిరి. అయినను వీరందరికంటె ముందుగ అపాయము నెరిగినవాడు దాని ప్రక్కన నిలిచి పనిచేయు కార్మికుడే.

అంతర్జాతీయ కార్మిక సంస్థ 2023లో వెలువరించిన అంచనాననుసరించి ప్రపంచమున ఏటేట సుమారు 29 లక్షల 30 వేలమంది పనికి సంబంధించిన కారణములచే మరణించుచున్నారు. అందు ప్రమాదములవలన మృతులగువారు సుమారు 3 లక్షల 30 వేలమంది కాగా, తక్కిన 26 లక్షలమందిని పొట్టనపెట్టుకొనుచున్నవి వ్యాధులే. పేలుడు సంభవించిననాడు లోకమంతయు ఉలికిపడును గాని, ఇరువది యేండ్లు రాతిధూళిని పీల్చి యింటిలో మంచముపట్టి మరణించిన వాని మరణము ఏ లెక్కలోను చేరక పోవుటయు కలదు. ఈ రెండు విధములైన మరణములలోను అధికభాగము నివారింపదగినవే. విధివ్రాతయని ఊరకుండుటకు ఇచట తావులేదు.

చరిత్ర

గనిపనివారిని బాధించు శ్వాసరోగములను జర్మను పండితుడు జార్జియస్ అగ్రికోలా రచించి, అతని మరణానంతరము 1556లో వెలువడిన లోహశాస్త్రగ్రంథము వర్ణించినది. అయినను వృత్తివ్యాధుల అధ్యయనమునకు శాస్త్రప్రతిపత్తి కల్పించినవాడు ఇటలీ దేశపు వైద్యుడు బెర్నార్డినో రమజ్జిని (1633–1714). కుమ్మరులు, అద్దకపువారు, రాతిపనివారు, పాకీపనివారు మొదలైనవారి పనిచోట్లకు స్వయముగ పోయి, వారి నడిగి తెలిసికొని, 1700లో అతడు ప్రకటించిన గ్రంథము వృత్తివైద్యమునకు పునాది యైనది. రోగిని పరీక్షించు వైద్యుడు అతని వృత్తి యేమో తప్పక అడిగి తెలిసికొనవలెనని ఆతడు చేసిన బోధ నేటికిని వైద్యులు మరువదగనిది. 1775లో ఇంగ్లండున పెర్సివల్ పాట్ అను శస్త్రవైద్యుడు, పొగగొట్టములు శుభ్రముచేయు బాలురకు పెద్దయిన పిదప వచ్చు ఒకవిధమైన క్యాన్సరునకు మసియే కారణమని చూపి, పనిలోని పదార్థమునకును క్యాన్సరునకును గల సంబంధమును తొలిసారిగ స్థాపించెను.

పారిశ్రామిక విప్లవముతో అపాయములు వేయిరెట్లైనవి. బ్రిటిషు పార్లమెంటు 1802లో నూలుమిల్లుల బాలశ్రామికుల విషయమై తొలి చట్టమును చేసెను గాని, దానిని అమలుజరుపు అధికారులు లేమిచే అది కాగితమునకే పరిమితమయ్యెను. 1833 చట్టము వేతనముపై ఇన్‌స్పెక్టర్లను నియమించిన పిమ్మటనే శాసనమునకు ప్రాణము వచ్చినది. తిరుగు యంత్రభాగములకు కంచె వేయవలెనను విధి 1844లో చేరినది. న్యూయార్కు నగరమున 1911 మార్చి 25న ట్రయాంగిల్ కుట్టుమిల్లులో మంటలు చెలరేగగా, తాళము వేసిన తలుపులవలన వెలికి రాలేక 146 మంది, అధికులు పడుచుపిల్లలు, మరణించిరి. అమెరికాలో అగ్నిరక్షణ శాసనములు బిగువైనది ఈ ఘోరము తరువాతనే.

1919లో స్థాపితమైన అంతర్జాతీయ కార్మిక సంస్థ ఈ విషయమున అనేక ఒడంబడికలను రూపొందించినది. వానిలో 1981 నాటి 155వ ఒడంబడిక ప్రధానమైనది. ఆసన్నమైన అపాయమున్నదని సహేతుకముగ నమ్మి పనినుండి తొలగిన కార్మికుని శిక్షింపరాదని అది నిర్దేశించినది. 2022 జూన్‌లో ఆ సంస్థ, సురక్షితమైన పనిచోటును కార్మికుల మౌలికహక్కుల కోవలో చేర్చినది.

వృత్తివ్యాధులు

ధూళివలన వచ్చు వ్యాధులలో అత్యంత దారుణమైనది సిలికోసిస్. రాతిని పగులగొట్టునపుడును, తొలుచునపుడును లేచు సిలికాధూళిలోని కంటికి కానరాని సూక్ష్మకణములు ఊపిరితిత్తుల అట్టడుగు గదులవరకు చేరి అచ్చట మచ్చలు కట్టించును. ఊపిరితిత్తి క్రమముగ గట్టిపడి, పనిమానిన తరువాతను వ్యాధి ముదురుచునే యుండును. దీనిని పూర్తిగ నయముచేయు మందు లేదు. క్షయరోగము వీరికి సులభముగ సోకుటచే, పెక్కుచోట్ల సిలికోసిస్ క్షయగా పొరబడి, రోగికి రావలసిన నష్టపరిహారమును రాకుండబోవుచున్నది. రాతిక్వారీలు, క్వార్ట్జు మిల్లులు, గ్రానైటు కోతశాలలు, పలకల పరిశ్రమ — ఇవి దీనికి ఆటపట్టులు. మార్కాపురపు పలకల పనివారికిని, ప్రకాశము జిల్లా చీమకుర్తి గ్రానైటు పనివారికిని ఈ ధూళి నిత్యానుభవమే.

ప్రత్తిధూళివలన కలుగు బిస్సినోసిస్ అను వ్యాధిలో, వారాంతపు సెలవు గడచి తిరిగి పనిలో చేరిన దినముననే రొమ్ము బిగబట్టి ఆయాసము హెచ్చుగ వచ్చుట విచిత్ర లక్షణము. ఆస్బెస్టాసు నారలు పీల్చినవారికి ఇరువది నుండి నలువది సంవత్సరముల పిమ్మట క్యాన్సరు తలయెత్తవచ్చును; అప్పటికి కర్మాగారము మూతపడియుండును, యజమాని మారియుండును, కార్మికుడు పదవీవిరమణ చేసియుండును. సీసము శరీరమున చేరినవారికి కడుపునొప్పి, రక్తహీనత, మణికట్టు వ్రేలాడబడుట, చిగుళ్లపై నీలిగీత గోచరించును. పాతబ్యాటరీలు కరగించు చిన్న కొలుములయందు ఈ విషము నేటికిని విజృంభించుచున్నది.

శబ్దమువలని చెవుడు నొప్పిలేకుండ వచ్చును, వచ్చిన పిదప పోదు. మన దేశపు నియమములందు ఎనిమిదిగంటల పనికి 90 డెసిబెళ్లను హద్దుగ నిర్ణయించిరి. పొలములలో క్రిమిసంహారక మందులు చల్లు కూలీలకు చర్మముద్వారమునను శ్వాసద్వారమునను విషమెక్కుట, ఇటుకబట్టీలయందును రోడ్డుపనులయందును వడదెబ్బ తగులుట, మూటలు మోయువారికి వెన్నెముక దెబ్బతినుట, కంప్యూటరు ముందు పొద్దస్తమానము కూర్చుండువారికి మెడ, మణికట్టు, కన్నులు నొచ్చుట — వీనినన్నిటిని నేటి వైద్యము వృత్తిసంబంధ బాధలుగనే గుర్తించుచున్నది.

ప్రమాదములకు కారణములు

1931లో అమెరికాకు చెందిన హెచ్. డబ్ల్యు. హైన్రిక్ అను బీమాసంస్థ యుద్యోగి, ఘోరప్రమాదమొకటి సంభవించుటకు వెనుక చిన్నగాయములు ఇరువదితొమ్మిదియు, గాయము కలుగని తప్పిదములు మూడువందలును ఉండునని వ్రాసెను. ఈ సంఖ్యలను తరువాతి పరిశోధకులు ప్రశ్నించిరి. ప్రమాదములలో అధికభాగము కార్మికుని అజాగ్రత్తవలననేయను ఆతని వాదమును అంతకంటె గట్టిగ ఖండించిరి. త్రుటిలో తప్పిన అపాయములను లక్ష్యపెట్టవలెనను ఆతని బోధ మాత్రము నిలిచినది. మనుష్యుడన్న తరువాత పొరపాటు చేయుట సహజము. అలసిన చేయి జారును, నిద్రలేని కన్ను మూతపడును. ఒక్క పొరపాటుతో ప్రాణము పోవునట్లు యంత్రమును అమర్చుటయే అసలు దోషము.

1984 డిసెంబరు 2–3 తేదీల రాత్రి భోపాలులో యూనియన్ కార్బైడ్ కర్మాగారమునుండి మిథైల్ ఐసోసయనేటు వాయువు వెలువడి వేలకొలది ప్రజలను బలిగొన్న ఘటన దీనికి సాక్ష్యము. విషద్రవమును చల్లబరచు శీతలీకరణ యంత్రము అంతకుముందే ఆపివేయబడెను. వాయువును కాల్చివేయవలసిన గొట్టము మరమ్మతునకై విడదీయబడెను. వాయువును కడిగి నిర్వీర్యము చేయవలసిన సాధనము సిద్ధస్థితిలో లేకుండెను. ఒకదానివెనుక ఒకటిగ నిలువవలసిన రక్షణలన్నియు ఏకకాలమున లేకపోవుట ఒక్క కార్మికుని పొరపాటుచే జరుగునది కాదు. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖపట్టణపు శివారగు వెంకటాపురమున ఎల్‌జీ పాలిమర్స్ కర్మాగారపు తొట్టినుండి స్టైరీను ఆవిరి వ్యాపించి పన్నిద్దరు మరణించిరి. స్టైరీను చల్లగ నుంచవలసినది, అణువులు తమంతట తాము కలిసిపోకుండ నిరోధకద్రవ్యమును తగుపాళ్లలో చేర్చి యుంచవలసినది. లాక్‌డౌన్ దినములలో నిలువయున్న సరకులో వేడిపెరిగి, ఆ చర్య అదుపుతప్పినది. కర్మాగారము నడువని దినములలో సహితము భద్రత నడువవలెనని ఈ విపత్తు బోధించుచున్నది.

నివారణోపాయముల క్రమము

అపాయమును ఎదుర్కొను ఉపాయములకు నిపుణులు ఒక వరుస నేర్పరచిరి. ప్రథమము, అపాయమును మూలమునందే తొలగించుట. ద్వితీయము, అపాయకరమైన పదార్థమునకు బదులు నిరపాయమైనదానిని వాడుట. తృతీయము, కంచెలు, మూతలు, గాలిపీల్చు యంత్రములు, నీటితో ధూళినణచుచు తొలుచుట వంటి ఇంజనీరింగు ఏర్పాట్లు. చతుర్థము, పనిగంటలు తగ్గించుట, వంతులు మార్చుట, శిక్షణ, హెచ్చరికలు. కడపటిది హెల్మెట్టు, కళ్లజోడు, మాస్కు, చేతితొడుగులు, బూట్లు. ఈ క్రమము తలక్రిందులగుట మన పరిశ్రమలలో సర్వసాధారణముగ కానవచ్చు దోషము: ధూళి నణచు యంత్రము కొనుటకు ధనము లేదని చెప్పి, గుడ్డమాస్కు చేతికిచ్చి, అది కట్టుకొనలేదని కార్మికునిపై నిందమోపుదురు. గుడ్డమాస్కు సిలికాను ఆపజాలదు.

పదార్థమును మార్చుటవలని ప్రయోజనమునకు అగ్గిపుల్లల పరిశ్రమ చక్కని ఉదాహరణము. తెల్లభాస్వరముతో పనిచేయు స్త్రీపురుషులకు దవడయెముక కుళ్లిపోవు ఘోరవ్యాధి పందొమ్మిదవ శతాబ్దమున వ్యాపించియుండెను. 1906లో బెర్ను నగరమున కొన్ని దేశములు చేరి తెల్లభాస్వరమును నిషేధించి, ప్రమాదములేని ఇతర భాస్వరరూపములను అవలంబించుటతో ఆ వ్యాధి పరిశ్రమనుండియే అంతరించినది. వేయి హెచ్చరికలు చేయజాలని పనిని ఒక్క మార్పు చేసినది.

మురుగుగుంటలు, తొట్లు, బావులు మున్నగు మూసిన చోట్ల దిగు పని మరియొక విధమైన జాగ్రత్త కోరును. పైకి నిరపాయముగ కానవచ్చు గుంటలో ఆక్సిజను తక్కువై, హైడ్రొజన్ సల్ఫైడు పేరుకొనియుండును. దిగిన మొదటివాడు స్పృహతప్పి పడగనే, అతని రక్షింపబోయి రెండవవాడును, వాని వెంట మూడవవాడును దిగి ప్రాణములు కోల్పోయిన ఉదంతములు మన నగరములలో తరచుగ సంభవించుచున్నవి. గాలిని పరికరముతో పరీక్షింపక, గాలి యాడించు ఏర్పాటును, త్రాటితో పైకిలాగు మనుష్యులును లేక ఎవ్వరిని దింపరాదు. మురుగుకాలువలను మనుష్యులచే అపాయకరముగ శుభ్రముచేయించుట 2013 నాటి చట్టముచే నేరమైనది. యంత్రములతో చేయించుటయే శాశ్వత పరిష్కారము.

భారతదేశమున శాసనములు

మన దేశమున తొలి కర్మాగారముల చట్టము 1881లో వచ్చినది. నూరుగురు గాని అంతకుమించి గాని పనిచేయు పెద్ద కర్మాగారములకు మాత్రమే వర్తించి, ఏడేండ్లలోపు పిల్లలను పనిలో పెట్టుటను అది నిషేధించినది. బొంబాయి మిల్లు కార్మికుల కొరకు నారాయణ్ మేఘాజీ లోఖండే సాగించిన కృషిచే 1890లో వారికి ఆదివారపు సెలవు లభించినది. గనుల తనిఖీశాఖ 1902లో కలకత్తాలో ప్రారంభమై, 1908లో ధన్‌బాదునకు తరలి, నేడు గనుల భద్రతా డైరెక్టరేట్ జనరల్‌గ వ్యవహరింపబడుచున్నది. నష్టపరిహార చట్టము 1923లోను, కార్మికుల రాజ్యబీమా చట్టము 1948లోను వచ్చినవి. భారత రాజ్యాంగము తన 39, 42 అధికరణములలో కార్మికుల ఆరోగ్యబలములు దుర్వినియోగము కాకుండ చూచుటను, మానవోచితమైన పని పరిస్థితులు కల్పించుటను రాజ్యమునకు కర్తవ్యములుగ నిర్దేశించినది.

1948 నాటి కర్మాగారముల చట్టము డెబ్బదియేండ్లకు పైగా మన పారిశ్రామిక భద్రతకు మూలస్తంభమైనది. వారమునకు 48 గంటల పని, యంత్రములకు కంచె, గాలివెలుతురులు, మంచినీరు, ప్రథమచికిత్స పెట్టె, కొన్ని వృత్తివ్యాధులను వైద్యుడు ప్రభుత్వమునకు తెలుపవలెనను నిబంధన — ఇవన్నియు దాని ప్రసాదములు. భోపాలు విపత్తు పిమ్మట 1987లో చేసిన సవరణము, అపాయకర పరిశ్రమలలో యాజమాన్య కార్మిక ప్రతినిధులు సమసంఖ్యలో గల భద్రతాసంఘములను ఏర్పరచి, ఆసన్నమైన అపాయమునుగూర్చి హెచ్చరించు హక్కును కార్మికునకు ఇచ్చెను. 1995లో సుప్రీంకోర్టు ఆస్బెస్టాసు కార్మికుల వ్యాజ్యమున, కార్మికుని ఆరోగ్యము జీవించుహక్కులో అంతర్భాగమని తీర్మానించినది.

2020లో పార్లమెంటు పదుమూడు కేంద్రచట్టములను మేళవించి వృత్తిభద్రత, ఆరోగ్యము, పని పరిస్థితుల స్మృతిని ఆమోదించినది. నియామకపత్రము, ఉచితముగ వార్షిక వైద్యపరీక్ష మున్నగునవి దీనిలో మెచ్చదగిన అంశములు. కాని, విద్యుత్తుతో నడచుచోట పదిమంది పనివారుండిన కర్మాగారముగ ఎంచు పూర్వపద్ధతిని మార్చి ఇరువదిమందిగను, విద్యుత్తు లేనిచోట ఇరువదినుండి నలువదిమందిగను పెంచుటచే చిన్న కార్ఖానాలు పెక్కు ఆ నిర్వచనమునకు వెలియైనవని కార్మికసంఘములు ఆక్షేపించుచున్నవి. గాయములు అధికముగ సంభవించునది చిన్నకార్ఖానాలలోనే యగుటచే ఈ ఆక్షేపణ ఆలోచింపదగినది.

తెలుగునాట

1871లో భూగర్భశాస్త్రజ్ఞుడు విలియం కింగ్ యిల్లెందు ప్రాంతమున బొగ్గుపొరలను కనుగొన్న పిమ్మట అభివృద్ధిచెందిన సింగరేణి బొగ్గుగనులు, తెలుగువారికి పారిశ్రామిక భద్రతను నేర్పిన తొలి పాఠశాల. బాయి (గని) దిగిన కార్మికునకు పొంచియున్న శత్రువులు మూడు: మీదికప్పు, గ్యాసు, నీరు. పనిని పర్యవేక్షించు సర్దారు కఱ్ఱతో కప్పును తట్టి శబ్దమునుబట్టి దాని స్థితిని గ్రహించును. ఉక్కు రూఫ్‌బోల్టులు కప్పును బిగించిపట్టును. మీథేను గాలిలో నూటికి అయిదునుండి పదునైదు పాళ్లున్నచో నిప్పురవ్వతో పేలును గనుక, గాలిప్రవాహమును నిరంతరము కొలుచుచుండవలెను. నీటివలని ముప్పు మరచిపోదగినది కాదు: 1975 డిసెంబరు 27న ధన్‌బాదు సమీపమున చస్నాలా గనిలోనికి పాతపనుల నీరు పొంగి మూడువందల డెబ్బదిమందికి పైగ మరణించిరి, 2003 జూన్ 16న గోదావరిఖని ఏడవ ఎల్‌ఈపీ గనిలో నీరు చొచ్చి పదునేడుగురు అసువులు బాసిరి. నీరునిండిన పాతపనులకు 60 మీటర్లలోపున అనుమతి లేక తవ్వరాదను నియమము ఇట్టి అనుభవముల సారమే. గనులలో కార్మికులనుండి ఎంచబడు వర్క్‌మెన్ ఇన్‌స్పెక్టర్లును, పిట్ సేఫ్టీ కమిటీలును ఉండుట ఇతర పరిశ్రమలు అనుకరింపదగిన మేలైన ఆచారము.

కర్మాగారము వెలుపల పనిచేయువారి స్థితి ఇంకను దయనీయము. తాటిచెట్లెక్కు గీతకార్మికులు తరతరములుగ మోకు, ముత్తాదు అను సంప్రదాయ సాధనములనే నమ్ముకొని, పట్టుజారి పడి మరణించుటో, నడుము విరిగి మంచముపాలగుటో జరుగుచున్నది. తెలంగాణ ప్రభుత్వము 2024 జూలైలో 'కాటమయ్య రక్షక కవచము' అను పేర, నడుమునకును తొడలకును బిగించు పట్టీలు, త్రాళ్లు, కొక్కెములుగల సాధనమును వారికి పంచుట ప్రారంభించినది. కులవృత్తిని విడనాడకుండగనే ప్రాణరక్షణము కల్పింపవచ్చునని ఇది చూపుచున్నది. కరీంనగరము, నిజామాబాదు, జగిత్యాల ప్రాంతములనుండి గల్ఫుదేశములకు పోయి కట్టడపు పనులలో చెమటోడ్చు వేలాది తెలుగువారికి అచ్చటి మధ్యాహ్నవిరామ నియమము ఆయువుపట్టు. యూఏఈలో జూన్ 15నుండి సెప్టెంబరు 15వరకు పగలు పన్నెండున్నరనుండి మూడుగంటలవరకు ఎండలో పనిచేయించుట నిషిద్ధము. మండువేసవిలో నలువది అయిదు డిగ్రీలు దాటు మన రామగుండము, విజయవాడ, రెంటచింతల ప్రాంతములందు ఇట్టి నియమము శాసనబద్ధము కావలసియున్నది.

యజమానుల, కార్మికుల కర్తవ్యములు

యజమాని చేయవలసిన పనులలో మొదటిది, పని ప్రారంభమునకు ముందే ప్రతి అంశమునందలి అపాయమును గుర్తించి, వ్రాసి, దానిని తొలగించు మార్గము నిర్ణయించుట. మరమ్మతునకు దిగువాడు యంత్రపు విద్యుత్తును తెగగొట్టి, స్విచ్చికి తాళమువేసి, తాళపుచెవిని తన జేబులో నుంచుకొనుట. వెల్డింగు, ఎత్తుపని, తొట్టెలోపలి పని వంటివానికి వ్రాతపూర్వకమైన అనుమతి యుండుట. ప్రమాద సమయమున వెలికి వచ్చు దారులను ఎన్నడును మూయకుండుట. ఏటేట వైద్యపరీక్షలు చేయించి ఫలితమును కార్మికునకు తెలుపుట — ఇవి కనీసధర్మములు. నేడు మన కర్మాగారములలో ఒడిశా, బీహారు, ఉత్తరప్రదేశముల వలసకార్మికులు పెక్కురు పనిచేయుచున్నారు. వారికి తెలియని భాషలో వ్రాసిన హెచ్చరిక హెచ్చరికయే కాదు. కాంట్రాక్టు కార్మికుడు తన మనిషి కాడని తప్పించుకొను యజమానికి ధర్మదృష్టిచే సమర్థనము లేదు. అపాయకరమైన పనులు నేడు అధికముగ వారి చేతులమీదనే నడచుచున్నవి.

కార్మికునకును కర్తవ్యములు కలవు. ఉత్పత్తి హెచ్చుటకై యంత్రపు కంచెను తొలగించుట, హెల్మెట్టును ప్రక్కన పెట్టుట, తెలియని స్విచ్చిని తాకుట తన ప్రాణమునకే కాక తోడివాని ప్రాణమునకును హాని. త్రుటిలో తప్పిన ప్రమాదమును దాచక తెలుపుట అన్నిటికంటె ఉత్తమమైన సహకారము. కాని, తెలిపినవానిని మందలించి, జీతము కోసి, పనినుండి తొలగించు కర్మాగారమున ఎవ్వడును నోరువిప్పడు. యజమాని అపాయమును తొలగించు శక్తిగలవాడు, కార్మికుడు దానిని ముందుగ చూచువాడు. వీరిరువురిమధ్య భయము నిలిచినచోట యెన్ని శాసనములున్నను ప్రయోజనము శూన్యము.

నేటి కొరతలు

తనిఖీ అధికారుల సంఖ్య కర్మాగారముల సంఖ్యకు తగినట్లు లేకుండుట, వృత్తివ్యాధులను గుర్తింపజాలు వైద్యులు తక్కువగుట, వ్యవసాయకూలీలు, బీడీపనివారు, భవననిర్మాణ కార్మికులు, ఇంటింటికి సరకులు చేర్చు యువకులు అనువారికి శాసనముల రక్షణ ఆచరణలో సరిగ అందకుండుట — ఈ మూడును ముఖ్యమైన లోపములు. ప్రాథమికారోగ్య కేంద్రమునకు వచ్చు దగ్గురోగిని ఏ పని చేయుదువని వైద్యుడు విధిగ ప్రశ్నించుట, ప్రతి మండలమునందును వలసకూలీలకు అర్థమగు భాషలో శిక్షణ యిచ్చుట, చిన్న కార్ఖానాలవారికి ధూళి నణచు సాధనములకై ఋణసహాయము చేయుట అధిక వ్యయసాధ్యము కాని ఉపాయములు.

కర్మాగారపు వాకిట ప్రమాదములేని దినముల సంఖ్యను వ్రేలాడగట్టుట పరిపాటి యైనది. ఆ సంఖ్య ఒక్కటియే భద్రతకు కొలమానము కాజాలదు. బహుమానమునకై గాయములను దాచు ప్రలోభము దానివలన కలుగవచ్చును. గడచిన నెలలో కార్మికులు ఎన్ని అపాయములను తెలిపిరి, వానిలో యాజమాన్యము ఎన్నిటిని సరిచేసెను అను రెండు ప్రశ్నలకు సమాధానము ఆ పలకపై వ్రాసినచో, కర్మాగారపు ఆరోగ్యము యథార్థముగ తెలియును. సరిచేయబడిన ప్రతి అపాయమును కార్మికునకును యజమానికిని సమానలాభమే: ఒకరికి ప్రాణము దక్కును, రెండవవారికి పని నిలువక సాగును.